ఎనిమిదో గది పెద్దాయన

"ఆ ముసలాయన కావాలనే నన్ను ఫెయిల్ చేశాడు మేడమ్," అంది క్లాసు ఫస్టు.

నాలుగేళ్లుగా ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మెడికల్ కాలేజీలో అందరికీ ఆమె క్లాసు ఫస్టే.

రోగులతో ఎలా మాట్లాడతారో చూసే పరీక్ష అది. గదికో ఉత్తుత్తి రోగి కూర్చుంటాడు. ఎనిమిది నిమిషాల్లో అతని బాధేమిటో రాబట్టాలి. మార్కులు వేసేది కూడా ఆ రోగే. ఏ ఒక్క గదిలో తప్పినా హౌస్ సర్జన్ పని ఆర్నెల్లు వెనక్కి పోతుంది.

మార్కులు అరగంట క్రితమే గోడకు అంటించారు.

"ఎనిమిదో గదిలో ఏం జరిగింది?" పరీక్ష నడిపే మేడమ్ పెన్ను పక్కన పెట్టారు.

"పన్నెండు ప్రశ్నలు అడిగాను. కాగితంలో ఉన్న వరస తప్పలేదు. మొదటిదానికీ, చివరిదానికీ జవాబిచ్చాడు. మధ్యలో అంతా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు."

"మరి నువ్వేం చేశావు?"

"నా మొహమే గుచ్చి గుచ్చి చూస్తుంటే ఇబ్బందేసింది. తల ఇంకాస్త వంచుకుని రాసుకున్నాను."

మేడమ్ బల్ల మీది మార్కుల జాబితా దగ్గరికి లాక్కున్నారు.

"బ్రేకుల బండికి మాత్రం తొంభై వేశాడు." ఆ అమ్మాయి ఉక్రోషంగా అంది.

బ్రేకుల బండి అంటే అదే క్లాసులో నత్తి ఉన్న కుర్రాడు. తన మాట అవతలివాళ్లకు అందిందో లేదోనని ప్రతి మాటకీ ఎదుటి మనిషి మొహంలోకి చూడటం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఎనిమిది నిమిషాల్లో పాపం అతను అడగగలిగినవి ఐదే ప్రశ్నలు.

"ఊరుకోలేక, ఆయన బస్సుకు బయల్దేరితే వరండాలో వెంటపడ్డాను మేడమ్. 'నా ఆర్నెల్లు మట్టిలో కలిపారు, మీకసలు మనసుందా' అని అడిగేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. అంత పొగరేమిటి?"

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పొగరు కాదమ్మా. ఆయనకు వినపడదు. మొహం చూస్తూ మాట్లాడితే పెదాల కదలికను బట్టి అర్థం చేసుకుంటారు."

క్లాసు ఫస్టుకు వరండాలో తనన్నది ఆయన చెవిన పడలేదని ముందు ఊరట కలిగింది. ఆ ఊరటకు మరుక్షణమే సిగ్గేసింది.

గబగబా కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. గేటవతల బస్టాపులో ఎవరూ లేరు.

"ఆ సంగతి మాకు ముందే చెప్పొచ్చుగా మేడమ్?" అంది చివరికి.

"పద్నాలుగేళ్ల కిందట ఆయనా నన్ను ఇదే అడిగారు," అన్నారు మేడమ్. "నేను రాసిన ఇంజెక్షన్లతోనే ఆయన వినికిడి పోయింది, చెవుల్లో హోరు మొదలైతే వెంటనే మానేసి రమ్మని చెప్పాల్సినదాన్ని, చీటీ మీంచి తలెత్తకుండా 'తర్వాతెవరు' అన్నాను."