మూఢంలో పోయిన పేరు

మనుషుల పేర్లను కంపెనీలకు అమ్ముకున్న పెద్దమనుషుల్లారా, ఈ పాపం మీదే!

చీరాలలో నాంచారమ్మ తన పచ్చళ్ల దుకాణానికి సొంత పేరే పెట్టుకుంది. ఆ పేరు రిజిస్ట్రేషన్ గడువు మూఢంలో ముగిసింది. మంచిరోజు చూసి రెన్యువల్ చేయిద్దామని ఆగింది. ఈలోగా ఓ కంపెనీ దాన్ని రిజిస్టర్ చేయించేసుకుంది.

మామిడికాయల బుట్టతో ఇంటికొస్తే, పేరు చెబితేనే తెరుచుకునే స్మార్ట్ తలుపు పేరడిగింది.

“నాంచారమ్మను.”

“ఆ పేరు కంపెనీది. మీరెవరు?”

ఆమె లోపలున్న భర్తను కేకేసింది. “ఏమయ్యా, నేనేనని చెప్పు!”

లోపల్నుంచే భర్త బదులిచ్చాడు. “నీ పేరెత్తితే ఈ తలుపు నన్నూ బయటికి నెట్టేసిద్దే! కంపెనీవాళ్లు అడిగితే, నువ్వెవరో తెలీదని చెప్పేశా.”

ఆమె బుట్ట దించి గుమ్మం ముందే కూర్చుంది.

పుట్టినప్పుడు పెట్టిన పేరు మనిషిదేనని ఇవాళే చట్టం చెయ్యండి. అంతకంటే ముందు ఆ తలుపు తీయించండి!