తడిసిన బాట

ట్రాక్టర్లతో బండ లాగించే పందెం కోసం తిరుపతిరావూ, అతని బావమరిదీ చెమటోడ్చి వేసిన మట్టిబాట, పందెం నాటి ఉదయానికి నీళ్ళతో నాని ఉంది.

"నీకు స్టీరింగు దక్కలేదని బాటంతా బురద చేస్తావురా?" అన్నాడు తిరుపతిరావు.

"నోరు జాగ్రత్త బావా! గట్టు మీద అక్కయ్య ఉందని ఊరుకుంటున్నా."

ఊరుకోవడం అంతటితో ముగిసింది. బావమరిది పారకర్ర తిరగేసి, బావగారి మణికట్టును సగౌరవంగా విరగ్గొట్టాడు. బావగారు మర్యాదకు లోటు రానీయకుండా గునపంతో అతని మోకాలిచిప్ప పగలగొట్టారు. పిమ్మట ఇద్దరూ జుట్లు పట్టుకుని, రెండు పళ్ళూ, బోలెడు నెత్తురూ బాటకు సమర్పించుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పొర్లారు.

జనం విడదీసేసరికి ఒకరికి స్టీరింగు తిప్పే చెయ్యి లేదు, ఇంకొకరికి క్లచ్చి తొక్కే కాలు లేదు. ఇద్దర్నీ బెజవాడ ఆసుపత్రికి బండెక్కిస్తుంటే, సుబ్బరత్నం కుచ్చెళ్ళు దోపుకుని, ఏనాడూ మొగుడూ తమ్ముడూ ఎక్కనివ్వని ట్రాక్టరెక్కింది.

"బురదలో దిగబడిపోతావే!" మూలిగాడు తిరుపతిరావు.

"ఎండెక్కితే గట్టిపడుద్ది లెండి. దుమ్ములో చక్రం పట్టదని తెల్లారకముందే నేనే తడిపా."

"ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"చెబుదామనే వచ్చానండీ. మీరిద్దరూ పొర్లుతుంటే బాట ఎంత బాగా అణుగుతుందోనని చూస్తూ ఉండిపోయా."