ఒంటికి పట్టిన మేత

"మళ్ళీ తూకం వెయ్యమ్మా. కాటా తప్పు చూపిస్తాండాదేమో," అన్నాడు ప్రొఫెసర్ కోదండపాణి, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని.

మైత్రేయి పేడ బకెట్టును మళ్ళీ కాటాకు తగిలించింది. అదే బరువు.

జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఖమర్‌బీ ఆవుకు వారం రోజులుగా మైత్రేయి తన పరిశోధన కోసం పిల్లిపెసర మేత పెట్టిస్తోంది. రోజూ పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి ఆటోలో మేత తెచ్చి తూచి ఇస్తుంది. మర్నాడు పేడంతా తూచి, కొంత పరీక్షకు తీసుకుపోతుంది. మేతలోని మాంసకృత్తుల్లోంచి పేడలో పోయినవి తీసేస్తే, ఆవు ఒంటికి పట్టినవెన్నో తేలుతుంది.

నూటికి ఎనభై అయిదు తేలింది!

"లూసర్న్ గడ్డే డెబ్బై అయిదు దాటదు. యాడబడితే ఆడ మొలిచే పిల్లిపెసరకు ఎనభై అయిదా?" కబురు విని పులివెందుల నుంచి పరుగున వచ్చిన కోదండపాణి ఖమర్‌బీ వైపు తిరిగాడు. "పిడకలకేమన్నా పేడ తీసినావా?"

"అల్లా మీద ఒట్టు సార్! ఒక్క ముద్ద బయటికి పోలే. అంతా బకెట్లోకే ఎత్తినా."

మైత్రేయి ఊపిరి బిగబట్టింది. నీళ్ళు లేని చేలల్లో లూసర్న్ పెరగదు, పిల్లిపెసరకు రెండు వానలు చాలు. మూడేళ్ళుగా ఆ మాట చెబుతుంటే నవ్వనివాళ్ళు లేరు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఈయనే.

"తొట్టిలో మేతేమన్నా మిగుల్తాందా?"

"ఒక్క పరక మిగల్లే. చూసుకోండి సార్."

తొట్టి నాకినట్టుంది.

"పాలు?"

"రొంత తగ్గినాయి. ఎండలు శానా ఉండాయి గదా!"

కోదండపాణి ఆవును ఎగాదిగా చూశాడు. ఆవు ఆయన చేతి సంచీని ఆశగా చూసింది. చివరికి ఆయన కర్చీఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాదే తప్పు మైత్రేయీ. ఇంకో పదిరోజులు చేసి చూద్దాం. మేత ఇంకో ఐదు కిలోలు పెంచు."

మైత్రేయికి కళ్ళు చెమర్చాయి. ఖమర్‌బీ చేతులు పట్టుకుంది. "అంతా నీ చలవేనమ్మా."

"నాదేముంది పాపా! మహిమంతా నువ్వు తెచ్చే మేతలోనే ఉండాది."

ఆనాటి మోపులు దించి, ఆటో ప్రొద్దుటూరు దారి పట్టింది. వెనకే ప్రొఫెసర్ జీపూ పోయింది. దుమ్ము అణిగేదాకా గుమ్మంలో నిలబడి, ఖమర్‌బీ ఇంటి వెనక్కి పోయి తడిక తీసింది.

"రాండి, మీ సగం వచ్చింది!" అని మేకలను పిలిచింది.