ఎర్ర సిరా ఓచరు

“ఈ జాబితా ఎవరిచ్చారే?” కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు భర్త.

“క్లాసు చెప్పే మేడం. డబ్బు ఎలా చూసుకోవాలో నేర్పేముందు ఇంట్లో కాగితాలన్నీ ఒక వరసలో పెట్టుకు రమ్మంది.”

ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. రేపు పదింటికి అక్కడుండాలి. ఈయన ఊ అంటేనే గడప దాటడం. పోయినేడు కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్తానంటే, మిషను కొని ఇంట్లోనే పడేశాడు.

ఆయన గోదాములో స్టోర్‌కీపరు. అక్కడ మేకు కావాలన్నా కాగితం రాయాలి. ఇంట్లోనూ అదే పద్ధతి. కూరగాయలకైనా, తలనొప్పి మాత్రకైనా ఆమె ఓచరు మీద కారణం రాసి సంతకం పెడితే గానీ ఆయన జేబులోంచి బీరువా తాళం బయటికి రాదు.

“బ్యాంకు పుస్తకాలు, ఇంటి పత్రాలు, జీతం స్లిప్పులు...” చదువుతూ ఆగాడు. “నీ క్లాసుకి నా జీతంతో పనేంటి?”

“రాబడి తెలియకుండా ఖర్చు రాయలేమందండీ.”

“ఆవిడకి ఫోన్ కలుపు.”

కలిపింది. ఫోన్ ఆయన చేతికిచ్చింది.

“అవునండీ, ఈవిడకి పైసా విలువ తెలీదు,” అంటున్నాడాయన. “పన్నెండేళ్ళుగా నేనే నేర్పుతున్నా. ఓచర్లు ఒక్కటి కూడా పారెయ్యలేదు. పంపిస్తా, కావాలంటే అందరికీ చూపించండి.”

ఫోన్ పెట్టేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

“పద్ధతి తెలిసిన మనిషి. నా గురించి ఎంత శ్రద్ధగా అడిగిందో.”

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం? కాగితాలకు తనే చిల్లులు పొడిచాడు, తనే దారం కట్టాడు, అట్టల మీద గుండ్రటి అక్షరాలతో సంవత్సరాలు వేశాడు.

“మీ అమ్మ పేర కొన్న స్థలం రాయాలా?” అడిగిందామె మెల్లిగా.

“రాయి. దాచేదేముంది? నీ గొలుసు అమ్మిన రసీదు కూడా పెట్టు. లెక్కంటే లెక్కే.”

ఓచర్లు తిరగేస్తూ ఒకటి పైకి తీశాడు. “ఇది అన్నిటికంటే పైన పెట్టు. అక్కర్లేని ఖర్చు ఎలా ఆపాలో వాళ్ళకీ తెలుస్తుంది.”

అది బస్సు ఛార్జీ ఓచరు. కారణం ఆమె దస్తూరీలో ఉంది: ‘అమ్మకి సీరియస్‌గా ఉంది.’ దాని మీద అడ్డంగా ఎర్ర సిరా: ‘నెలాఖరు. వచ్చే నెల చూద్దాం.’

వచ్చే నెల దాకా అమ్మ ఆగలేదు.

ఆమె దాన్ని అన్నిటికంటే పైన పెట్టింది.

పొద్దున్న రానూపోనూ ఛార్జీకి ఓచరు రాసింది. కారణం: క్లాసు. ఆయన చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి చేతిలో పోశాడు.

“ఒంటిగంటకల్లా ఇంట్లో ఉండాలి.”

మూడంతస్తులు ఎక్కేసరికి ఫైళ్ళ బరువుకి చేతులు తిమ్మిరెక్కాయి. ఫోన్లో మాట్లాడిన మేడం కుర్చీ చూపించి, మొదటి ఫైలు తెరిచింది. ఎర్ర సిరా దగ్గర ఆగిపోయింది.

“విడాకులకి ఇది చాలమ్మా,” అంది లాయరు.