తక్కువ తిరిగిన బండి

"ఫొటో వద్దు బిడ్డా."

ఎవాంజెలిన్ ఫోన్ దించింది.

నార్సింగిలో సర్వీస్ రోడ్డు వెనక, సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంటు. దాని కింద వరసగా షట్టర్లు. ఒక్కటి తప్ప అన్నీ మూసే ఉన్నాయి. ఆ ఒక్కదాని లోపల బైకు, పక్కన నలభై దాటిన మనిషి.

పేరు అడిగితే కాస్త ఆలోచించుకుని "రాజు" అన్నాడు.

ఆమె ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి వచ్చింది. నల్లగండ్ల హాస్టల్ నుంచి మాదాపూర్ ఆఫీసుకు బస్సులు మారి మారి విసిగిపోయింది. సొంత బండి ఉంటే బాగుండునని ఎన్నాళ్ళ నుంచో కోరిక. పాత బండిలో ఏమేం చూడాలో వీడియోలు చూసి నేర్చుకుని మరీ వచ్చింది.

మూడేళ్ళ బండి. మీటరులో నాలుగు వేల కిలోమీటర్లు కూడా లేవు.

"ఇంత తక్కువ తిరిగిందేంటండీ?"

"బయటికి తియ్యలె."

"ఎందుకని?"

అతని చూపు రోడ్డు మీద ఉంది.

ఆమె ఇంజిన్ ఆయిల్ చూసింది. తారులా నల్లగా ఉంది. చెయిను ముట్టుకుంటే వేలికి తుప్పు అంటింది.

"సర్వీసింగ్ చేయించలేదా?"

"కొన్న కొత్తల ఒక్కసారి పోయిన. మల్ల పోలె."

"పక్కనే చేస్తారు కదండీ!"

"పోలె బిడ్డా."

ముందు బ్రేకు నొక్కింది. మెత్తగా లోపలికంటా వచ్చేసింది.

"దాన్ని నమ్మకు. ట్రాలీ ఆటోల ఏసుకొని సీదా మెకానిక్ దగ్గరికే తీస్కపో. టైర్లు గూడ పగుళ్ళిచ్చినయ్. మార్పియ్యకుండ ఎక్కకు."

అమ్మేవాడెవడైనా తన బండి లోపాలు తనే చెబుతాడా? అసలిది ఇతని బండేనా?

ఆమె వెనక్కి వెళ్ళి చూసింది. నెంబరు ప్లేటు మీద గోనెముక్క కట్టి ఉంది.

"ఆర్‌సీ చూపిస్తారా?"

"బేరం కుదురనీ, చూపిస్త. బండి తీస్కున్నంక రంగు గూడ మార్పియ్యి బిడ్డా. మరువకు."

ఎవాంజెలిన్ ఒక అడుగు వెనక్కి వేసింది.

దొంగ బండి. అనుమానం లేదు.

అతను మళ్ళీ రోడ్డువైపు తిరగగానే చప్పుడు కాకుండా ఒక ఫొటో తీసుకుంది.

"ఆలోచించుకుని ఫోన్ చేస్తానండీ" అని బయటికి నడవబోయింది.

అప్పుడే మట్టిదారిలో కారు చప్పుడు.

అతను ఒక్క ఉదుటున షట్టర్ కిందికి లాగేశాడు.

చీకటి.

"ఏం చేస్తున్నారు? తెరవండి!"

"జర సప్పుడు చెయ్యకు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత."

ఆమె గోడకు అతుక్కుపోయింది. పెట్రోలు వాసన. ఎక్కడో దగ్గర్లోనే అతని ఊపిరి, ఎగపోస్తున్నట్టు. బ్యాగులో తడిమి గది తాళంచెవి పిడికిట్లో బిగించింది. 'ప్రభువా, ప్రభువా' అని పెదవులు వాటంతటవే కదులుతున్నాయి.

కారు షట్టర్ ముందు ఆగింది. ఎవరో ఫోన్‌లో ఏదో అన్నారు. కారు తలుపు పడిన చప్పుడు. తర్వాత కారు మెల్లగా వెళ్ళిపోయింది.

షట్టర్ నడుము దాకా లేచింది.

"పోయిన్రు. నువ్వు పో బిడ్డా. ఈ దిక్కు మల్ల రాకు."

ఆమె వంగి బయటపడి, వెనక్కి చూడకుండా మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తింది.

ఆటో ఎక్కి కూర్చుంది. ఫోన్ తెరిచింది. ఫొటోలో బైకు, దాని వెనక ఓరగా తిరిగిన అతని ముఖం స్పష్టంగా ఉన్నాయి.

ఐటీ అమ్మాయిల గ్రూపులో పెట్టింది. 'వీడు దొంగ బండ్లు అమ్ముతున్నాడు. నన్ను లోపల పెట్టి షట్టర్ మూశాడు. ఒంటరిగా వెళ్ళకండి.' కింద ఆ స్థలం ఎక్కడుందో మ్యాపుతో సహా పెట్టింది.

సాయంత్రానికి ఆ ఫొటో ఊరంతా చుట్టేసింది.

"మంచి పని చేశావే! నువ్వు పెట్టకపోతే ఇంకే పిల్ల బలయ్యేదో" అంది గదిలో ఉండే హర్షిణి.

అయినా ఎవాంజెలిన్ పడుకునే ముందు తలుపు గడియ మళ్ళీ మళ్ళీ చూసుకుంది. కళ్ళు మూస్తే ఆ చీకటే.

పొద్దున్నే ఫోన్.

"నేను ఎస్సైని మాట్లాడుతున్నమ్మా. నార్సింగి పోస్టు పెట్టింది మీరేనా?"

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. "అవునండీ. దొరికాడా సార్?"

"లేడు. షట్టర్ పగలగొట్టి ఉంది. చెప్పులు లోపల్నే ఉన్నయ్."

"మీ వాళ్ళు పట్టుకెళ్ళారా?"

"మేము పోయేసరికే అట్లుంది."

ఆమెకు అర్థం కాలేదు. "మరి ఎవరు సార్?"

"మీ ఫొటో, మ్యాపు మేమొక్కళ్ళమే చూడలేదమ్మా."

"అతను దొంగ కదండీ?" అంది, తన గొంతు తనకే వినిపించనంత మెల్లగా.

ఎస్సై గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"ఆయన పేరు బాలనర్సయ్య, తల్లీ. ఇద్దరు ఆడకూలీల మీంచి కారు తోలి పోయినోడిని కండ్లార చూసినోళ్ళల్ల, అందరు భయపడి మాట మార్చినంక గూడ, కోర్టుల నిజం చెప్త అని నిలబడ్డ ఒకే ఒక్క సాక్షి."