తోడు బిళ్ళ

"కదలకే, పట్టీ జారిపోతుంది," అంటూ కాజాలమ్మ కూతురి జబ్బకు బీపీ పట్టీ చుట్టింది.

టైలరు మాస్టారు దుకాణంలో గుండీలకు కాజాలు కుడుతుంది కనుక ఆమెకు ఆ పేరు. నెలలు నిండకుండా పుట్టి, దూదిలో చుట్టి పెడితే బతికింది కనుక కూతురు దూది. ముప్పయ్యేళ్ళు దాటినా, పక్క మిషను మీద జాకెట్లు కుడుతున్నా, ఇంకా దూదే.

బీపీ మిషను బుస్సుమంది. ఆ చప్పుడు వింటే కాజాలమ్మకు ఒళ్ళు జలదరిస్తుంది. దూది కడుపులో ఉన్నప్పుడు విన్నదే. కాళ్ళు దుంగల్లా వాచిపోయాయి. కళ్ళ ముందు మెరుపులు. ఆపైన ఫిట్స్. గుర్రపువాతం అన్నారు. కళ్ళు తెరిచేసరికి పక్కన బిడ్డ లేదు, గాజుపెట్టెలో ఉంది. "బిడ్డ బయటపడింది, ఇక నీ బీపీ దిగిపోతుంది" అన్నారు. దిగిపోయిందనుకుంది. మళ్ళీ ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. అయినా ఆ పీడ ఏ తలుపు చాటునో నిలబడి తమనే చూస్తోందని ఆమె గుబులు.

పోయిన నెల కోటు కుట్టించుకోవడానికి వచ్చిన డాక్టరమ్మ ఈ కథంతా విన్నది.

"కాన్పుతో తీరిపోయేది కాదమ్మా అది. ఏళ్ళు గడిచాక గుండె మీదికో మెదడు మీదికో రావచ్చు. తల్లికైనా సరే, అప్పుడు పుట్టిన బిడ్డకైనా సరే."

"నన్ను మాత్రం మందూ మాకూ అనకండి తల్లీ. దీన్ని చూడండి."

డాక్టరమ్మ ఇద్దరికీ చూసింది. దూదిని గుమ్మం బయటికి పిలిచి చాలాసేపు మాట్లాడింది. కాజాలమ్మ చేతిలో సూది అక్కడే ఆగిపోయింది.

దూది కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "రోజూ బిళ్ళ వేసుకోవాలంటమ్మా."

"నాకు తెలుసే! ఆనాడు నన్ను వదిలిందనుకున్నాను, నిన్ను పట్టుకుంది!" అని కాజాలమ్మ కూతుర్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది.

అప్పట్నుంచి పొద్దున్నే దుకాణం తెరవగానే ఇదే తంతు.

"ఎంతుందే? ఆ అంకెలు నాకు ఆనవు."

"పరవాలేదు. మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో, నీకూ చూద్దాం పట్టు."

"నాదేం చూస్తావే, నా బీపీ నువ్వు పుట్టిన రోజే పోయింది," అంటూనే చెయ్యి చాపింది.

దూది అంకెల వైపు కాసేపు చూసి ఊపిరి వదిలింది. "నిన్నటికన్నా నయం."

"నీకేనా?"

"ఊఁ."

దూది సంచిలోంచి రెండు బిళ్ళలు తీసింది. "ముందు నువ్వు."

"దీని దుంప తెగ! చిన్నప్పుడూ ఇంతే, నేను మింగి చూపిస్తే గానీ చేదుమందు తాగేది కాదు," అంది కాజాలమ్మ, మాస్టారుతో. "నాకిదేమిటే?"

"బలానికమ్మా. డాక్టరమ్మే ఇచ్చింది. నువ్వు తోడు వేసుకోకపోతే నేనూ వేసుకోను."

"వద్దు తల్లీ, అంత మాటనకు!" గబుక్కున మింగి, నోరు తెరిచి చూపించింది. "పాపం, నీదే పెద్ద బిళ్ళ."

మాస్టారు కత్తెర పక్కన పెట్టి, కౌంటరు మీది గాజుసీసా ఊపాడు. "పిల్లలొస్తే ఇద్దామని పోసిన పిప్పరమెంట్లు ఇట్టే తరిగిపోతున్నాయి. దుకాణంలో ఎలుకలు చేరాయా ఏంటి?"

"ఎలుకలకు మీ కత్తిరింపులు నచ్చలేదేమో మాస్టారూ, తీపి మీద పడ్డాయి!" కాజాలమ్మ చాలా రోజులకు నవ్వింది. సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కింది. "చూశావటే? నీకు నయమవుతుంటే నాకూ రోజూ వచ్చే తలపోటు పోయింది. కళ్ళ ముందు మిణుకులూ పోయాయి. కన్నపేగంటే అదే మరి."

దూది తలూపింది.

ఆమె నోట్లో పిప్పరమెంటు చల్లగా కరుగుతోంది.