మూడోసారి తిరిగొస్తే

"ఓయ్ పెద్దాయనా! నీ యాంటెన్నా కంటే మా ఆవిడ గొంతే నయం. అదైనా అర మైలు వినిపిస్తుంది!"

పశువుల లారీ దిగుతూనే టోలివర్ పెట్టిన కేకకి నడీన్ తమ రేడియో సామాన్ల కొట్లో కౌంటర్ వెనక నుంచి తలెత్తింది. పొద్దున ఎనిమిదింటికి ఆ లారీకి ఆవిడ భర్త డెల్మర్ కొత్త రేడియో యాంటెన్నా బిగించాడు. పదింటికి లారీ తిరిగొచ్చింది. మళ్ళీ బిగించి పంపాడు. ఇప్పుడు పన్నెండున్నర, మళ్ళీ ప్రత్యక్షం.

"రెండోసారి తిరిగొచ్చింది," అన్నాడు డెల్మర్. చేతిలో కొట్టు రేడియో మైకు ఉందన్న సంగతే మరిచాడు కాబోలు, దాన్ని నొక్కిపట్టుకునే అన్నాడు.

ఇంకేముంది! నెబ్రాస్కా హైవే మీద ఆ పూట లారీ తోలుతున్న ప్రతివాడికీ కాలక్షేపం దొరికింది. లారీలవాళ్ళంతా ఒకరితో ఒకరు మాట్లాడుకునే పంతొమ్మిదో చానెల్లో ఒకటే గోల.

"డెల్మర్ తాతా, ఇంకొక్కసారి వస్తే కొట్టు మూతేగా?"

"నడీన్ వదినా, ఈత బట్టలు కొనేసుకో!"

పన్నెండేళ్ళ కిందటి సంగతి అది. సముద్రం చూపించమని నడీన్ పోరుపెడుతుంటే డెల్మర్‌కి రోషం వచ్చి, ఇదే రేడియోలో అందరూ వినేలా శపథం చేశాడు. "నేను బిగించిన యాంటెన్నా ఒకే లారీ మీద మూడుసార్లు తిరిగొచ్చిన రోజున కొట్టుకి తాళం వేసి మా ఆవిణ్ణి సముద్రానికి తీసుకెళతా. అందాకా కొట్టు వదిలితే నన్ను మనిషనకండి!" నవ్వులాటకి అన్న మాట కాస్తా ఇద్దరి మెడకూ చుట్టుకుంది. ఆయన మాట తప్పే రకం కాదు, డ్రైవర్లు మరిచిపోయే రకం కాదు. ఇన్నేళ్ళలో ఒక్క యాంటెన్నా ఒక్కసారైనా తిరిగొస్తే ఒట్టు. నడీన్‌కి అరవై మూడు నిండాయి. అడగడం మానేసి కూడా చాలా ఏళ్ళయింది. గోడ మీద సముద్రం బొమ్మ క్యాలెండరు మాత్రం ఏటా మార్చి పెడుతుంది.

"ఫైబర్ కడ్డీ వద్దు మొర్రో, స్టీలుది వెయ్యమని చెప్తూనే ఉన్నా," అన్నాడు టోలివర్.

ఇంకోరోజైతే ఆ మాటకి డెల్మర్ గంటసేపు క్లాసు పీకేవాడు. కడ్డీ సగానికి పైగా క్యాబిన్ కప్పు దాటి ఉండాలని, అటూ ఇటూ రెండు కావాలంటే మధ్య తొమ్మిదడుగుల ఎడం లేకపోతే దండగని, యాంటెన్నా బిగించేముందు లారీ పక్కద్దం చట్రం మీది రంగు గీకనివాడు అసలు మనిషే కాడని. ఇవాళ మాత్రం, "ఏమో నాయనా, చేతులు ముసలివైపోయాయి," అని ఊరుకున్నాడు.

నడీన్ చేతిలో పని ఆపి ఆయన వంక చూసింది. పెళ్ళైన నలభై ఏళ్ళలో డెల్మర్ వాదించకుండా వదిలేయడం ఇదే మొదటిసారి.

ఆయన లారీ మెట్టెక్కి అద్దం దగ్గర ఐదు నిమిషాలు కుస్తీపట్టి దిగాడు. మీటరు పెట్టి చూశాడు. "బాగుంది," అంటూ దాన్ని గబుక్కున కట్టేశాడు.

"కాఫీ తాగందే కదలకు," అని టోలివర్ భుజం మీద చెయ్యేసి పక్క హోటల్‌కి లాక్కెళ్ళాడు.

నడీన్‌కి కాలు నిలవలేదు. పానా పట్టుకుని బయటికి నడిచింది. ముప్ఫై ఏళ్ళుగా కౌంటర్లో ఈ సామానే అమ్ముతున్న మనిషికి ఆ మాత్రం పని తెలీదా? మెట్టెక్కి నట్టు విప్పింది. యాంటెన్నాకీ ఇనప చట్రానికీ మధ్య ఉండాల్సిన తెల్ల ప్లాస్టిక్ వాషర్ లేదు! అది లేకపోతే ఇనుముకి ఇనుము తగిలి, మాట్లాడిందంతా లారీలోకే దిగిపోతుంది, పక్కూరిదాకా కూడా పోదు. నిన్నకాక మొన్న పనిలో చేరినవాడు చేసే తప్పు అది.

"అయ్యో డెల్మర్, నీకా ఈ మతిమరుపు!"

నట్టు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఉన్నదున్నట్టు బిగించి దిగితే చాలు, సాయంత్రంలోగా లారీ మూడోసారి తిరిగొస్తుంది. వారం తిరక్కుండా సముద్రపు ఇసకలో కాళ్ళు పెట్టొచ్చు. తను చేసే తప్పంటూ కూడా ఏమీ లేదు.

కానీ చానెల్ నిండా ఆ వెక్కిరింతలు వింటూ, తల దించుకుని కొట్టుకి తాళం వేసే డెల్మర్ కళ్ళ ముందు మెదిలాడు. ఆ మనిషిని పక్కన పెట్టుకుని సముద్రం చూస్తే ఏం సుఖం? 'పోనీలే, నాకు రాసిపెట్టి లేదు,' అనుకుంది. అనుకుంటుంటే ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని, కొట్లోంచి వాషర్ తెచ్చి వేసి, బలమంతా పెట్టి బిగించింది. మీటరు ముల్లు ఎరుపు వైపు పోకుండా బుద్ధిగా నిలబడింది.

టోలివర్ వెళ్ళిపోయాడు. డెల్మర్ రేడియో ముందుకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాలు ఒకటే ఊపుతున్నాడు. గడియారం చూస్తాడు, రోడ్డు చూస్తాడు, మళ్ళీ గడియారం చూస్తాడు. పాపం, ఎంత కంగారు పడుతున్నాడో అనుకుంది నడీన్.

పావుగంటకి రేడియోలో గొంతు ఖంగుమంది.

"పెద్దాయనా! పదిహేను మైళ్ళు దాటేశా! నా కూత ఊరూరా వినిపిస్తోందట. నోరు జారాను, మనసులో పెట్టుకోకు. నీ చేతికి తిరుగులేదు!"

చానెల్ నిండా ఈలలు, కేకలు.

"విన్నావా?" నడీన్ మొహం చాటంతయింది. "ముసలి చేతులట, ముసలి చేతులు! ఇంకో ఇరవై ఏళ్ళు నిన్ను ఈ కొట్లోంచి ఎవడూ కదపలేడు!"

డెల్మర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు తెరుచుకుని రేడియో వంక చూసి, నడీన్ వంక చూసి, గొణిగాడు.

"వాషర్ కావాలనే వెయ్యలేదు కదే, ఎలా పనిచేసింది?"